ఖుర్దాద్ పన్నెండున పొద్దు గూకిన వేళ

ప్రకృతి అనేది క్రమశిక్షణ లేని ఒక శాఖ. దానిని దారిలో పెట్టిన ఘనత భూమండలం మొత్తం మీద ఒక్క సిద్దిపేటకే దక్కుతుందని ఏనాటికైనా అందరూ ఒప్పుకోక తప్పదు. మిగతా ఊళ్లలో వాన తనకు తోచినప్పుడు కురుస్తుంది, ఎండ తనకు తోచినంత కాస్తుంది, అడిగే దిక్కుండదు. సిద్దిపేటలో యుద్ధం మొదలైన ఏటి నుంచి ఆ ఆటలు సాగడం లేదు. ఏ తేదీన ఎండ కాయాలో, ఏ తేదీన మబ్బు పట్టాలో, పొద్దు ఎన్నింటికి పొడిచి ఎన్నింటికి గూకాలో ఇక్కడ ముందే స్థిరపడి ఉంటుంది. వాతావరణం దానికి లోబడి నడుచుకుంటే మంచిది. నడుచుకోకపోతే అది వాతావరణం తప్పు.

ఈ సంస్కరణకు మూలం ఒక గాజు గ్లాసు.

బజారు వెనక రెండు గదుల పెంకుటింట్లో మౌసమ్ దఫ్తరు ఉండేది. వానలు, ఎండలు రాసిపెట్టే సర్కారీ కచేరీకి అది పేరు. దాని పెరట్లో ఒక రాగి డబ్బా పాతి ఉండేది. అందులో పడ్డ వాననీళ్లను గీతలున్న గ్లాసులో పోసి, కొలిచి, ఆ అంకెను పట్నంలోని పెద్ద దఫ్తరుకు పంపడం అక్కడి పని. ఒకనాడు చప్రాసీ దుబ్బయ్య కడుగుతుండగా ఆ గ్లాసు జారి పగిలింది. (జారలేదని, దుబ్బయ్య అందులో చాయ్ తాగుతుంటే వేడికి చిట్లిందని ఇంకొక వాదం ఉంది. విచారణ నడుస్తోంది.) కొత్త గ్లాసు కోసం అర్జీ పెట్టుకుంటే పట్నం నుంచి జవాబు వచ్చింది. అట్లాంటి గ్లాసులు సముద్రం అవతలి సీమ నుంచి వస్తాయి, సీమలో యుద్ధం నడుస్తున్నది, యుద్ధం ముగిసేదాకా సిద్దిపేట ఓపిక పట్టాలి. కింద రెండు ఆజ్ఞలు కూడా ఉన్నాయి. గ్లాసు లేకుండా వానను కొలవరాదు, కంటితో చూసి రాయరాదు. రోజువారీ నివేదిక మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆగరాదు.

ఈ రెండు ఆజ్ఞల మధ్య సందులో నుంచి మనిషి ఎట్లా దూరాలో ఆ కాగితం చెప్పలేదు. అప్పటి గుమాస్తా తల గోక్కుని, కిందటేడు అదే తేదీన ఏం రాసి ఉందో చూసి, అదే ఈ ఏడూ రాసి పంపాడు. పట్నం నుంచి తప్పుపడుతూ ఏ కాగితమూ రాలేదు. సర్కారు మాట్లాడకపోవడమే సర్కారు అనుమతి కనుక మరుసటి ఏడూ అదే రాశాడు. ఆ మరుసటి ఏడూ అదే. ఆ రకంగా యుద్ధానికి ముందటి ఏడాది వాతావరణం సిద్దిపేట మీద మళ్లీ మళ్లీ వచ్చి పోతూ ఉంది. రాజ్యంలో ఇంత నిలకడగల వాతావరణం మరెక్కడా లేదని మెచ్చుకుంటూ పట్నం నుంచి ఒక ప్రశంసాపత్రం వస్తే, దానికి అద్దం కట్టించి గోడకు తగిలించారు. (తరువాత కురిసిన ఒక పెద్దవానకు గోడ చెమ్మగిలి అందులో అక్షరాలు పాకాయి. ఆ వాన రికార్డులో లేదు.)

మనం చెప్పుకుంటున్న నాటికి ఆ గుమాస్తా బదిలీ అయి, ఆయన కుర్చీలోకి రాజమల్లయ్య వచ్చాడు. పట్నం కాలేజీలో చదువుకున్న మనిషి. భార్య అమృతమ్మ పోయాక ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, వేళకు దఫ్తరుకు వచ్చేవాడు. గొంతు పెంచి మాట్లాడడం ఆయనకు చేతకాదు. ఊరు ఆయనను మొగులు పంతులు అనేది. మొగులంటే ఆకాశం. దానికి ఆయన కాపలా ఉంటాడని ఊరి నమ్మకం. నకలు రాసే పనిలో రాజమల్లయ్యకు పెద్ద బాధ లేదు. అది ఎవరికీ నష్టం చేయని అబద్ధమని ఆయన అనుకునేవాడు. పైగా అందులో కొన్ని సుఖాలున్నాయి. బయట వడగాలి కొడుతున్న రోజున రికార్డు ప్రకారం "చల్లగాలి" అని రాయవలసి వస్తే, రాస్తున్నంతసేపు చేతికి కొంచెం హాయిగా ఉండేది. ఇంకొక సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. తాను నకలు చేస్తున్న ఆ ముందటి ఏడాది, అమృతమ్మ బతికి ఉన్న చివరి ఏడాది. ఆమె వడియాలు ఎండబెట్టిన ఎండనే ఆయన ఏటేటా రాస్తున్నాడు.

ఆ ఏడు ఖుర్దాద్ పన్నెండు వచ్చింది. (ఖుర్దాద్ సర్కారువారి నెల. ఊరి లెక్కలో అది చైత్రం.) రికార్డు ప్రకారం ఆ రోజు ఆకాశం నిర్మలం, వాన లేదు, సాయంత్రం ఆరున్నర దాకా వెలుతురు. రాజమల్లయ్య పొద్దున్నే దానిని గుండ్రటి అక్షరాలతో రాసి ముగించాడు.

ఈ సంగతి ఆకాశానికి ఎవరూ తెలియజేయలేదు కాబోలు, మధ్యాహ్నం దాటగానే పడమటి నుంచి మబ్బు ఎక్కింది. మూడు గంటలకల్లా ఊరి మీద గోనెపట్టా కప్పినట్టు అయింది. కోళ్లు గూళ్లలో దూరాయి. చాయ్ దుకాణంలో దీపం వెలిగించారు. తరువాత నిమ్మకాయంత వడగళ్లు పడ్డాయి. తపాలా వేసి తిరిగి వస్తున్న రాజమల్లయ్య నుదుటి మీద ఒకటి తగిలింది. కంటికి వేలెడు ఎడంగా తగిలినందుకు ఆయన మనసులోనే దండం పెట్టుకుని, దెబ్బ కొట్టింది తనతోపాటు మందు కూడా తెచ్చింది కదా అని, అదే వడగల్లును ఏరి బొప్పి మీద అద్దుకున్నాడు. దఫ్తరు కప్పు మీద పెంకులు పదిహేనో ఇరవయ్యో పగిలాయి. వడగళ్లు పడని రోజున వడగళ్లకు పెంకులు పగలవు కనుక, వాటి మరమ్మతును కోతుల పద్దు కింద మంజూరు చేయించారు.

సరిగ్గా ఆ చీకట్లోనే, దుబ్బాక నుంచి తువ్వాళ్ల మూటలు వేసుకుని వస్తున్న పోశయ్య ఎడ్లబండి ఊరి బయట బండ్లను తనిఖీ చేసే నాకా దగ్గరికి చేరింది. నాకా మీద అజ్మత్ అనే జవాను కాపలా ఉన్నాడు. నాకా గుడిసెకు కప్పు పేరుకే ఉంది. వడగళ్లు మొదలు కాగానే పోశయ్య గోనెసంచులు తీసి ఎడ్ల వీపుల మీద కప్పి బండి కింద దూరాడు. అతని వెనకే అజ్మత్ కూడా దూరాడు. ఇద్దరూ మోకాళ్లు ముడుచుకుని ఒకే బీడీని మార్చి మార్చి తాగారు. కబుర్లలో అజ్మత్ తన కష్టం చెప్పుకున్నాడు. పొద్దు గూకినప్పటి నుంచి పొద్దు పొడిచేదాకా కందీలు, అంటే లాంతరు, లేకుండా బండి నడపరాదని చట్టం ఉంది. ప్రతి జవానూ నెలకు ఇన్నని కందీలు కేసులు తేవాలని పైనుంచి హుకుం ఉంది. యుద్ధం వల్ల కిరసనాయిలు దొరక్క రాత్రిపూట బండ్లు నడవడమే మానేశాయి. చట్టాన్ని ఎవరూ మీరకపోతే జవాను ఏం తిని బతకాలి? ఇట్లా చెప్పుకుంటూనే చుట్టూ చూశాడు. చీకటి. బండికి కందీలు లేదు. అజ్మత్ మంచివాడే. కానీ నెలాఖరు దగ్గరికి వచ్చింది. బండి కింద నుంచి బయటికి రాకుండానే కేసు రాశాడు. రాయడానికి కళ్లు కనబడకపోతే పోశయ్యే అగ్గిపుల్ల గీసి వెలుతురు చూపించాడు. (చీకటి ఉన్నదనడానికి అదాలతులో ఇదే గట్టి రుజువైంది.)

కేసు రాయడం పూర్తయ్యేసరికి వాన వెలిసి, ఎండ ఫెళ్లున కాసింది. అయితే రాసిన కేసును ఎండ చెరపజాలదు. బండి నాకా దగ్గర నిలిచిపోయింది. మూటలను వాటి షావుకారు మోయించుకుపోయాడు. ఎడ్లను బందెలదొడ్డిలోకి తోలారు. నేరం రుజువైతే వాటిని వేలం వేస్తారు. పోశయ్యకు ఆ ఎడ్లు తప్ప మరో ఆధారం లేదు.

రహదారుల కేసులు విచారించడానికి సిద్దిపేటలో ఒక మున్సిఫ్ సాబ్ ఉండేవాడు. న్యాయం తప్పని మనిషి. అయితే న్యాయం ఎక్కడున్నా సరే, కాగితం మీదికి ఎక్కి వస్తే తప్ప దానిని గుర్తుపట్టడు. జవాను దగ్గర గడియారం లేదు కనుక కేసులో గంట రాయలేదు. ఆయన ముందు ప్రశ్న చిన్నది. పోశయ్య బండి దొరికిన వేళకు పగలా, రాత్రా? ఆయన ఆ రోజు తన వరండాలో పడ్డ వడగళ్లను స్వయంగా లోటాలో వేసి షర్బత్ చల్లబరుచుకున్న మాట నిజమే గాని, న్యాయమూర్తి తన షర్బత్ మీద ఆధారపడి తీర్పు చెప్పరాదు. మౌసమ్ దఫ్తరు రికార్డు తెప్పించండి అన్నాడు. రికార్డులో ఆకాశం నిర్మలమని ఉంది. నిర్మలమైన ఆకాశం కింద పగటిపూట చీకటి పడదు. చీకటి ఉన్నదని జవాను రాశాడు, అగ్గిపుల్ల గీశానని ముద్దాయి ఒప్పుకున్నాడు. అందువల్ల అది రాత్రే అయి ఉండాలి. ఇందులో తప్పు పట్టడానికి ఎవరికీ సందు దొరకలేదు.

పోశయ్య భార్య అంజవ్వకు మాత్రం దొరికింది. ఆమె రోజూ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని బందెలదొడ్డికి వచ్చేది. ఒకనాడు ఆ మోపును తెచ్చి దఫ్తరు గడపలో దించింది.

"మొగులు లెక్క రాసేది నువ్వేనా పంతులూ?"

రాజమల్లయ్య తానేనని ఒప్పుకున్నాడు.

"గట్లయితె గా నాడు రాళ్లవాన వడ్డదని రెండు ముక్కలు రాసియ్యి. దొడ్ల కుడితి లేదు, నీళ్లు లేవు. ఎర్రెద్దు లేస్తలేదు."

రికార్డులో ఆకాశం నిర్మలమని ఉందని రాజమల్లయ్య చెప్పాడు. అంజవ్వ ఆయన నొసటి వైపు చాలాసేపు చూసింది. బొప్పి ఇంకా నల్లగా ఉంది.

"మరి గదేంది? నిర్మలంగ వడ్డదా?"

దుబ్బయ్య నవ్వు ఆపుకోవడానికి పెరట్లోకి పోయి రాగి డబ్బాను తోమడం మొదలుపెట్టాడు. రాజమల్లయ్య నుదురు తడుముకున్నాడు. ఎవరికీ నష్టం లేని అబద్ధం ఎర్రెద్దు మీద కూర్చుని ఉందని ఆయనకు అప్పుడు తెలిసింది. ఆమెకు చెంబుతో మంచినీళ్లు ఇచ్చి, ఏదో ఒకటి చేస్తానన్నాడు.

"నువ్వు మంచోనివే పంతులూ," అంది అంజవ్వ మోపు ఎత్తుకుంటూ. "మంచోళ్లందరు గిట్లనే కుర్సీలల్ల కూసుంటరు, నా ఎడ్లు దొడ్లె ఉంటయి."

ఆ సాయంత్రం రాజమల్లయ్య పెద్ద దఫ్తరుకు వినయంగా ఒక కాగితం రాశాడు. ఖుర్దాద్ పన్నెండున వడగళ్లు పడిన మాట నిజమని, తన నుదుటిని కూడా పరీక్షించుకోవచ్చని, రికార్డు సవరించడానికి అనుమతి ఇప్పించాలని కోరాడు. ఆశ్చర్యం, జవాబు తొందరగానే వచ్చింది. వడగళ్లు గట్టి పదార్థం కనుక వాటికి గ్లాసు అవసరం లేదని, పడిన వడగల్లు ఒకటి చెక్కుచెదరకుండా మూటగట్టి, లక్కముద్ర వేసి తపాలాలో పంపితే పరిశీలిస్తామని అందులో ఉంది. అది అప్పుడే కరిగిపోయిందని ఈయన రాశాడు. కరిగినది వడగల్లు కాదు నీళ్లని, నీళ్లు వాన కిందికి వస్తాయని, వానకు గ్లాసు కావాలని, గ్లాసు సీమ నుంచి రావాలని వాళ్లు రాశారు.

అయితే ఆ కాగితం అడుగున, సర్కారుకూ గుండె ఉంటుందని చూపించే ఒక వాక్యం ఉంది. ఏదైనా తేదీ మీద అనుమానం తలెత్తితే, గ్లాసు పగలక ముందటి ఏళ్లలో అదే తేదీన రాసిన ఏ వరుసనైనా ఎంచుకుని నకలు చేసుకోవచ్చునట. రాజమల్లయ్య దానిని రెండుసార్లు చదువుకున్నాడు. ఆ రాసినవాడు ఎవరో గాని వాడి పిల్లలు చల్లగా ఉండాలని దీవించాడు.

అటక మీది పాత రికార్డులను దుబ్బయ్య దించాడు. దుమ్ము దులిపి, రాజమల్లయ్య ఒక్క ఖుర్దాద్ పన్నెండునే ఏడు తరువాత ఏడు చదువుకుంటూ పోయాడు. ఒక మనిషి ఒకే రోజును అన్నేళ్లపాటు బతికినట్టు ఉంది. ఒక గుమాస్తా ఏటేటా "ఎండ" అని ఒక్క మాట రాసి ఊరుకున్నాడు. అతని తరువాతివాడు "మిక్కిలి ఎండ" అన్నాడు. ఇంకొకడు ఉద్యోగం కొత్తలో "ఎండ, పడమటి గాలి, వేపపూత రాలుచున్నది" అని ముచ్చటగా మొదలుపెట్టి, కొన్నేళ్లకు "ఎండ. దేవుడా" అనే దగ్గరికి వచ్చాడు. ఒక ఏడు గాలిదుమారం లేచి కొమురవెల్లి నుంచి తిరిగివచ్చే బండ్లు ఆగిపోయాయి. మరొక ఏడు చిన్న జల్లు పడి, మట్టి వాసన వచ్చిందని కూడా ఎవరో రాశారు. (మట్టి వాసనకు రికార్డులో గడి లేదు. ఆ గుమాస్తా సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చి ఉంటుంది.)

అన్నింటికంటే అడుగున ఉన్న ఏడాదిలో దొరికింది. "వడగళ్లు. నిమ్మకాయ ప్రమాణం. పగలే చీకటి కమ్మినది." రాసినవాడు పాతకాలపు గుమాస్తా ఒకడు. కంటితో చూడనిది కలంతో రాయనని పట్టుబట్టే మనిషి అని పేరు. రాజమల్లయ్య ఆ మాటల మీద వేలు పెట్టి ఆగాడు. పగలే చీకటి కమ్మినది. పోశయ్యకు ఇంతకంటే ఏం కావాలి? ఆ సంతోషంలో ఆయన వరుస చివరిదాకా చదవలేదు. తన రికార్డులో ఖుర్దాద్ పన్నెండు నుంచి అమృతమ్మ ఏడాది ఎండను కొట్టివేస్తున్నప్పుడు మాత్రం ఒక క్షణం కలం ఆగింది. ఎర్రెద్దు ఒక ఎండకంటే ఎక్కువేనని ఆమె కూడా అనేదని సర్దుకుని, నకలు చేసే పనిని దుబ్బయ్య పెట్టిన చాయ్ చల్లారేలోగా ముగించి, చీటీ రాసి అదాలతుకు పంపాడు. చీటీ చాలదు, ఆ పాత రికార్డును మోసుకుని రమ్మని మున్సిఫ్ సాబ్ కబురు చేశాడు.

పేషీ రోజున అందరూ వచ్చారు. పోశయ్య చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. అంజవ్వ అతని పక్కన. అజ్మత్ బెల్టు, బిళ్ల మెరిసేట్టు తుడుచుకుని ఎదురుగా నిలబడ్డాడు. అదాలతు కాగితాలు చూసే పేష్కార్ పాత రికార్డు తెరిచి ఆ వరుసను చదివి వినిపించాడు. వడగళ్లు. నిమ్మకాయ ప్రమాణం. పగలే చీకటి కమ్మినది. రాజమల్లయ్య అంజవ్వ వైపు చూసి తల ఊపాడు. పేష్కార్ ఆగలేదు. వరుసలో చివరి గడి మిగిలి ఉంది. అది కూడా చదివాడు.

"పొద్దు గూకిన వేళ, మూడు గంటలు."

రాజమల్లయ్యకు సంగతి వెంటనే అర్థమైంది. ఆ పాత గుమాస్తా కంటితో చూడనిది రాయడు. మూడు గంటలకు మబ్బు కమ్మాక ఆ రోజు ఆయనకు సూర్యుడు మళ్లీ కనబడలేదు. కనబడని సూర్యుడు ఆరున్నరకు గూకాడని రాయడానికి ఆయన మనసు ఒప్పలేదు. చివరిసారి చూసిన వేళనే రాశాడు. ఈ మాటే రాజమల్లయ్య లేచి, మెల్లగా, గడిలో ఉన్నది నిజం పొద్దుగూకడం కాదని, ఆ గుమాస్తా అబద్ధం ఆడలేక అట్లా రాశాడని విన్నవించాడు. మున్సిఫ్ సాబ్ శ్రద్ధగా విన్నాడు. అబద్ధం ఆడలేని మనిషి మూడింటికి పొద్దు గూకిందని రాశాడంటే దానిని నమ్మకపోవడానికి కారణం కనబడదన్నాడు. వడగళ్లు తీసుకుని పొద్దును వదిలేద్దామా అని రాజమల్లయ్య అడిగితే, సర్కారీ వరుస తమలపాకుల కట్ట కాదని, నచ్చినవి ఏరుకుని నచ్చనివి వదలడం కుదరదని, తీసుకుంటే మొత్తం తీసుకోవాలని పేష్కార్ చెప్పాడు. దానితో పోశయ్య బండి పొద్దు గూకాక దొరికిందని తేలిపోయింది. కిందటి పేషీ నాటికి అది ఒట్టి ఊహగా ఉండేది. ఇప్పుడు రాజమల్లయ్య దయవల్ల దానికి ఆధారం దొరికింది.

అప్పుడు అజ్మత్ రెండడుగులు ముందుకు వచ్చాడు. పేరు అడగకముందే మాట్లాడాడు.

"హుజూర్, అది రాత్రి కాదు. పగలే. నేను ఆ బండి కిందనే ఉన్న."

మున్సిఫ్ సాబ్ అతనిని ఎగాదిగా చూసి, ఒకే ఒక సంగతి అడిగాడు. పగలైతే జవాను రాసింది దొంగకేసు. దొంగకేసు రాసిన జవాను బెల్టు, బిళ్ల ఇక్కడే ఈ మేజా మీద పెట్టి ఇంటికి పోవాలి. పెడతావా? అజ్మత్ చేయి బెల్టు మీదికి పోయింది. అతని మీద ఆధారపడి ముసలి తల్లి బీబీజాన్ ఉందని ఊరందరికీ తెలుసు. బక్కిల్ తీయడం మొదలుపెట్టాడు.

"రాత్రే దొరా," అన్నాడు పోశయ్య గోడ దగ్గరి నుంచి. "నాకు మంచిగ యాదికున్నది. రాత్రే. కోళ్లు సుత గూట్ల వన్నయి."

అంజవ్వ మొగుడి వైపు తిరిగి చూసిన చూపును రాజమల్లయ్య చాలా రోజులదాకా మరిచిపోలేదు.

అజ్మత్ బక్కిల్ మళ్లీ బిగించి తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఒకే సంగతిని రికార్డు, జవాను, ముద్దాయి ముగ్గురూ ఒప్పుకున్న కేసు మున్సిఫ్ సాబ్ ఉద్యోగంలో అదే మొదటిది. ఆయన మనసు కరిగింది. తప్పు ఒప్పుకున్నాడు కనుక ఎడ్లను వేలం వేయకుండా వదిలివేయాలని తీర్పు చెప్పాడు. షరతు ఒక్కటే. కందీలు లేకుండా దొరికిన బండి, తాను దొరికిన వేళ నుంచే ఇకమీదట ప్రతిరోజూ కందీలు వెలిగించుకోవాలి. రికార్డు ప్రకారం పోశయ్య దొరికింది మూడు గంటలకు. కాబట్టి పోశయ్య మట్టుకు రోజూ పొద్దు మూడు గంటలకు గూకుతుంది. మిగతా ఊరికి ఆరున్నరకు గూకినా ఫరవాలేదు, అందులో అదాలతు కల్పించుకోదు.

బయటికి వచ్చాక అంజవ్వ నోరు విప్పింది.

"నీకు రాత్రి ఎప్పుడైతదో నాకు తెల్వదా? బువ్వ తినంగనే అయితది. గా మాట నన్ను అడిగితె నేనే దొరకు జెప్పకపోదునా?"

"గా జవాను నౌకరి ఊడవీకితె మన ఎడ్లు బలుస్తయానే?" అన్నాడు పోశయ్య.

"గాడు మన ఎడ్లను పట్టిచ్చిండు."

"బీడి గుడ ఇచ్చిండు."

బందెలదొడ్డి తలుపు తీస్తే మచ్చెద్దు తనంతట తాను నడిచి వచ్చింది. ఎర్రెద్దును ముగ్గురు లేపవలసి వచ్చింది. ఆ మూడో మనిషి అజ్మత్. లేచిన ఎద్దు ముందుగా అంజవ్వ మోచేతిని నాకింది. దూరం నుంచి చూస్తున్న రాజమల్లయ్య, వేలం తప్పింది, అంతవరకు మేలే అనుకున్నాడు. ఆయన తన కిరసనాయిలు వంతులో సగం సీసా పోశయ్యకు పంపాడు. దీపం లేకపోయినా ఒంటరి మనిషికి ఇంట్లో కాలికి తట్టుకునేంత సామాను లేదు.

ఆ నాటి నుంచి దుబ్బాక బాటలో ఒక వింత మొదలైంది. మూడు గంటలు కాగానే, వేసవి ఎండ నెత్తి మాడుస్తుండగా, పోశయ్య బండి ఆపి కందీలు వెలిగించేవాడు. ఎండలో మంట కంటికి కనబడదు. వెలుగుతున్నదో లేదో తేల్చడానికి అజ్మత్ నాకా దగ్గర కందీలు గాజు మీద అరచేయి పెట్టి చూసేవాడు. వేడిగా ఉంటే సలాం చేసి పొమ్మనేవాడు. బండి ఊళ్లోకి చేరి, మూటలు దించి, తిరుగుముఖం పట్టేసరికి ఊరందరికీ పొద్దు గూకేది. సరిగ్గా అప్పుడే నూనె అయిపోయి కందీలు ఆరిపోయేది. అక్కడి నుంచి ఎడ్లు చీకట్లో దారి వాసన పట్టి ఇల్లు చేరేవి. ఆ వేళకు నాకా మీద ఎవరూ ఉండరు కనుక చట్టానికి లోటేమీ రాలేదు. ఇంట్లో దీపానికి నూనె మిగిలేది కాదు. అంజవ్వ పొయ్యి వెలుతురులోనే వడ్డించేది. పొయ్యికి పొద్దుగూకే వేళ ఇంకా ఎవరూ నిర్ణయించలేదు.

ఇది ఇట్లాగే సాగిపోయేదే. కానీ కొన్ని వారాలకు అంజవ్వ మళ్లీ మౌసమ్ దఫ్తరు గడపలోకి వచ్చింది. ఈసారి నెత్తిన మోపు లేదు. చేతిలో ఒక కాగితం ఉంది. కిరసనాయిలు పంచే రేషన్ కచేరీ మనిషి ఆ రోజే ఇచ్చిపోయాడట.

"సదివి జెప్పు పంతులూ. గీళ్లేమంటరు?"

రాజమల్లయ్య చదివాడు. దుబ్బాక బాటలో బండి తోలుకునే పోశయ్య అనే అతను, పట్టపగలు, ఎండ బాగా కాస్తున్న వేళ, కందీలు వెలిగించుకుని తిరగడం రేషన్ దారోగా స్వయంగా చూశాడని, యుద్ధకాలంలో పట్టపగలు దీపం పెట్టేంత కిరసనాయిలు ఇంట్లో మూలుగుతున్న మనిషికి సర్కారు వంతు అక్కరలేదని, అందుచేత అతని వంతు రద్దు చేశామని అందులో ఉంది.

అంజవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది.

"పగలని రాసిన్రా?"

"రాసిన్రు. పట్టపగలని."

"మొహరు ఉన్నదా?"

"ఉన్నది."

"గిది వట్టుకవోయి గా మున్సిఫ్ దొరకు జూపిస్తె?"

రాజమల్లయ్య ముఖం మొదటిసారి వెలిగింది. ఒక సర్కారీ కచేరీ మొహరు ముద్ర వేసి అది పగలేనని ఒప్పుకుంది. ఈ కాగితం ముందు ఆ పాత గడి నిలవదు. మున్సిఫ్ సాబ్ కాగితం మీదికి ఎక్కిన న్యాయాన్ని గుర్తుపట్టకుండా ఉండడు. నూనె వంతు తిరిగి వస్తుంది, కందీలు రాత్రికి తిరిగి వస్తుంది. ఆయన కండువా వేసుకుని, దుబ్బయ్యకు దఫ్తరు అప్పగించి, తానే తోడు వస్తానని లేచి, అప్పీలు నియమం ఏమన్నా ఉన్నదేమోనని కాగితం వెనకవైపు తిప్పి చూశాడు.

ఉంది. అప్పీలు చేసుకోదలచినవారు కాగితం అందిన రోజునే, పొద్దు గూకేలోగా చేసుకోవాలి. పొద్దు గూకే వేళ విషయంలో అదాలతు ఇదివరకే తీర్పు చెప్పి ఉన్న మనుషులకు ఆ తీర్పే వర్తిస్తుంది.

బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. రాజమల్లయ్య గోడ గడియారం వైపు చూశాడు. మూడు దాటింది.